ఆదివారం టీచరు

ఆ ఊళ్ళో ఆదివారం పేపరు మొదటి పేజీ నుంచి చదివేవాళ్ళు తక్కువ. చేతికి రాగానే లోపలికి తిప్పి, నాలుగో పేజీలో ఎడమ పక్కన నిలువుగా ఉండే ఒక గళ్ళోకి తొంగిచూస్తారు. ఈ వారం ఎవరి వంతు వచ్చిందో తెలుసుకోవాలి కదా మరి! ఒక వారం దర్జీ వంతు. "రేపు రండి" అనే మాటని దర్జీలు ఎన్ని రకాలుగా పలుకుతారో, ఏ పలుకుకి ఎన్నాళ్ళు ఆగాలో ఆ గడి రాసే ఆవిడ విడమరిచి రాసింది. వీధి చివరి దర్జీ అది చదివి మండిపడి, ఆవిడ జాకెట్టు గుడ్డ కత్తిరించకుండానే తిప్పి పంపాడు. ఇంకో వారం, పిల్లలంతా ముక్కు మూసుకుని బట్టీ కొట్టే పాత పద్యం ఒకటి నిజానికి ఎంత నవ్వొచ్చే పద్యమో రాసింది. మరో వారం, "అబ్బే, కూర్చోం, వెంటనే వెళ్ళిపోవాలి" అంటూ వచ్చి దీపాలు పెట్టేదాకా కదలని చుట్టాల గురించి. ఆ ఆదివారం ఊళ్ళో ఏ ఇంటికీ చుట్టాలు రాలేదట.

ఇన్ని రాసే మనిషి ఏ పెద్ద రచయిత్రో అనుకునేరు. కాదు. ఒక ప్రైవేటు బళ్ళో తొమ్మిదో తరగతికి పద్యాలూ వ్యాసాలూ చెప్పే టీచరు. ఏభై దాటిన మనిషి. పొట్టి. నడక మాత్రం బస్సు తప్పిపోతున్నట్టు ఉంటుంది. అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు, ఊరందరికీ ఆవిడ ఆదివారం టీచరు. మొదట్లో ఎవరో వెక్కిరింతగా పెట్టిన పేరే. ఆవిడ చిన్నబుచ్చుకోలేదు సరికదా, దాన్ని నెత్తిన పెట్టుకుంది. "మిగతా ఆరు రోజులూ బడివాళ్ళవి, ఆదివారం నాది. సరిగ్గానే పెట్టారు" అనేది.

ఆవిడ రాతకి ఒక పద్ధతి ఉంది. శుక్రవారం సాయంత్రం బడి నుంచి రాగానే కూర్చుని రాసేస్తుంది. రాసింది తీసుకెళ్ళి అత్తగారి మంచం పక్కన పీట వేసుకుని చదువుతుంది. అత్తగారికి చదువు రాదు, కోపం మాత్రం వచ్చు. గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని వింటుంది. వింటూ వింటూ ఆవిడ ఎక్కడ గురక పెడితే అక్కడ కోడలు పెన్నుతో ఒక గీత గీస్తుంది. అక్కడి నుంచి అత్తగారికి మళ్ళీ మెలకువ వచ్చేదాకా ఉన్నదంతా కొట్టివేత. సాహిత్యం మీద రాసిన వారం కొట్టివేతలు ఎక్కువ. "మొన్న ఎవరో కవిగారి గురించి చదివావు చూడు, అలాంటిది ఇంకోటి రాయవే. అంత నిద్ర ఈ మధ్య ఎప్పుడూ పట్టలేదు" అని అత్తగారు మెచ్చుకుంటుంది. టీచరుకి ఒళ్ళు మండుతుంది. మండినా గీత మాత్రం గీస్తుంది. "పత్రికవాళ్ళకి తెలిస్తే జీతం మా అమ్మకిస్తారు" అంటాడు ఆవిడ భర్త. కళ్ళజోళ్ళ కొట్లో పనిచేసే మెతక మనిషి.

అలాంటి ఆవిడకి ఆ ఏడు అర్ధసంవత్సరం పరీక్షలప్పుడు తిక్క రేగింది. రేగిందంటే మామూలుగా కాదు.

సంగతేమిటంటే, ఆ బళ్ళో వ్యాసాలకి ఒక ఏర్పాటు ఉంది. ఏ వ్యాసం ఎలా రాయాలో ముందే అచ్చువేసి పిల్లలకి పంచుతారు. దాన్ని మెటీరియల్ అంటారు. దాని అట్ట మీద బడి యజమాని ఫొటో. ఆయన్ని అందరూ కరస్పాండెంటు గారంటారు. ఇక పరీక్షల్లో ఒక సెక్షను పేపర్లు ఇంకో సెక్షను టీచరు దిద్దాలి. దిద్దేటప్పుడు పక్కన మెటీరియల్ తెరిచిపెట్టుకుని, అందులోని పాయింట్లు పేపర్లో ఉన్నాయా లేదా చూడాలి. ఉంటే మార్కు, లేకపోతే లేదు. పిల్ల చెప్పదలుచుకున్నదేమిటో ఎవరికీ అక్కర్లేదు.

మూడు నెలల పరీక్షలో "మా అమ్మ" అని వ్యాసం ఇచ్చారు. టీచరు క్లాసులో కిటికీ పక్కన కూర్చునే పిల్ల ఒకతి ఉంది. వాళ్ళమ్మ ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసే ఆయా. ఆ పిల్ల మెటీరియల్ పక్కన పెట్టి సొంతంగా రాసింది. "మా అమ్మ పొద్దున్నే పడుకుంటుంది. నేను బడికి వచ్చేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగుతాను. చప్పుడైతే అమ్మ లేస్తుంది. వీధిలోకి వచ్చాక తొడుక్కుంటాను." ఇదీ రాసింది. పక్క సెక్షను టీచరు ఆ పేజీకి ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి, "పాయింట్లు లేవు" అని పక్కన రాసి సున్నా చుట్టింది. పిల్ల ఏడవలేదు, గొడవ చెయ్యలేదు. బుద్ధి తెచ్చుకుంది. అర్ధసంవత్సరం పరీక్షలో మళ్ళీ అదే వ్యాసం వస్తే, "మా అమ్మ తెల్లవారకముందే నిద్రలేచి, ఇల్లు శుభ్రపరచి, అందరికీ ప్రేమతో వంట చేయును" అంటూ మెటీరియల్ మక్కీకి మక్కీ దించేసింది. పూర్తి మార్కులు వచ్చాయి. పేపరు పట్టుకుని టీచరు దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"చూశారా టీచర్! ఈసారి కరెక్టుగా రాశాను."

టీచరు ఆ పిల్ల మొహంలోకి చూసింది. అందులో సంతోషం తప్ప ఇంకేం లేదు. తిడదామంటే పిల్ల చేసిన తప్పేమీ లేదు, మెచ్చుకుందామంటే నోరు రాదు. మింగలేక కక్కలేక "సరే, వెళ్ళి కూర్చో అమ్మా" అంది. పిల్లని కూర్చోబెట్టింది గానీ, తను మాత్రం ఆ రోజంతా లోపల కాలుతూనే ఉంది.

ఆ శుక్రవారం రాసిన దానికి "ఒకే గంటకి లేచిన అమ్మలు" అని పేరు పెట్టింది. ఒకానొక బళ్ళో పిల్లలందరి తల్లులూ ఒకే గంటకి లేచి, ఒకే రకంగా ఊడ్చి, ఒకే నవ్వు నవ్వుతారని రాసింది. కిందటేడు తల్లి పోయిన పిల్లాడి తల్లి కూడా పరీక్ష రోజు పొద్దున లేచి వంట చేసిందని, చెయ్యకపోతే పిల్లాడికి మార్కులు పోతాయి మరి అని రాసింది. "అబద్ధం చెప్పకూడదని పాఠం చెప్పే చోటే నిజం రాస్తే సున్నా చుడుతున్నాం. రేపు వీళ్ళు పెద్దవాళ్ళయ్యాక, ఎవడేం చెప్పమంటే అదే చెబుతుంటే మనం ముక్కున వేలేసుకోకూడదు" అని ముగించింది. బడి పేరు ఎత్తలేదు. కిటికీ పక్క పిల్ల సంగతి, చెప్పుల సంగతి అసలే ఎత్తలేదు. అవి ఆ పిల్లవి, పేపరుకెక్కించే హక్కు తనకి లేదనుకుంది.

ఆ సాయంత్రం అత్తగారు ఒక్క గురక పెట్టలేదు. చదవడం అయ్యాక కళ్ళు తెరిచింది.

"ఎవరిమీదే ఇది?"

"ఎవరిమీదా కాదత్తయ్యా."

"ఎవరిమీదా కాకపోతే ఇంత ఘాటు ఎందుకే? కొంప మీదికి తెచ్చుకునేలా ఉన్నావు." మళ్ళీ కళ్ళు మూసుకుని, "బావుంది. పంపించు" అంది.

ఆదివారం అచ్చయింది. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకోవాల్సిన పని లేదు, బళ్ళు చాలా ఉన్నాయి. కానీ కరస్పాండెంటు గారు రెండు భుజాలూ తడుముకున్నాడు. తడుముకోక ఏం చేస్తాడు పాపం? సోమవారం గేటు దగ్గర పిల్లల్ని దింపడానికొచ్చిన తల్లులు "ఏమండీ, ఇవాళ ఎన్నింటికి లేచారు?" అని ఒకరినొకరు అడిగి పకపకా నవ్వుతున్నారు. ఒక తండ్రైతే నేరుగా ఆఫీసు గదిలోకే వెళ్ళి, "మా ఇంట్లో వంట నేను చేస్తానండీ. మావాడికి ఎన్ని మార్కులు కోస్తారు?" అని అడిగొచ్చాడు.

మధ్యాహ్నం గుమాస్తా స్టాఫ్ రూములోకి వచ్చి, టీచరు ముందు ఒక టైపు కొట్టిన కాగితం పెట్టాడు. పేచీ అంటే భయపడే మనిషి, కళ్ళెత్తి చూడలేదు.

"సార్ సంతకం చెయ్యమన్నారు మేడమ్. వచ్చే ఆదివారం పేపర్లో వేయించాలట. చదవక్కర్లేదు, మామూలు క్షమాపణే."

చదవక్కర్లేదంటే ఇంకాస్త గట్టిగా చదివే మనిషి ఆవిడ. కళ్ళజోడు పెట్టుకుని పైకే చదివింది. "గౌరవనీయులైన కరస్పాండెంటు గారికి. నేను పొరపాటున పత్రికలో వ్యాసము వ్రాసి పాఠశాలకు నష్టము కలిగించినందులకు మిక్కిలి చింతించుచున్నాను. ఇకపై మైదానములో మాత్రమే ఆడుకొందుననియు, పగిలిన అద్దమునకు మా నాన్నగారు పరిహారము చెల్లింతురనియు హామీ ఇచ్చుచున్నాను."

స్టాఫ్ రూము ఒక్క క్షణం బిత్తరపోయి, ఆ తర్వాత పగలబడి నవ్వింది. పక్క సెక్షను టీచరుకైతే మంచినీళ్ళు పొలమారాయి. జరిగింది అర్థం కావడానికి ఎవరికీ ఎంతోసేపు పట్టలేదు. క్షమాపణ లేఖ తయారుచెయ్యమని పురమాయించగానే, గుమాస్తా ఆ బళ్ళో ఎవరైనా చేసే పనే చేశాడు. మెటీరియల్ తెరిచాడు. ఆడుకుంటూ కిటికీ అద్దం పగలగొట్టిన కుర్రాడు హెడ్మాస్టరుకి రాసే లేఖ అందులో ఉంది. మొదట్లో నాలుగు మాటలు మార్చి, మిగతాది ఉన్నదున్నట్టు కొట్టేశాడు.

"మా నాన్నగారు పోయి చాలా కాలమైందండీ," అంది టీచరు. "పరిహారం వసూలు చెయ్యాలంటే మీరే అక్కడిదాకా వెళ్ళిరావాలి."

గుమాస్తా నాలిక్కరుచుకుని కాగితం లాక్కోబోయాడు. టీచరు ఇవ్వలేదు. ఆవిడ నవ్వు అప్పటికే ఆగిపోయింది. ఎందుకంటే అడుగున ఇంకో వాక్యం ఉంది. "ఇకమీదట ఏమి వ్రాసినను ముందుగా తమకు చూపి, తమ అనుమతి పొందిన పిదపనే అచ్చునకు పంపుదును." ఇది మెటీరియల్‌లోది కాదు. ఇది కరస్పాండెంటు చెప్పి రాయించింది. ఆవిడ ఎర్ర పెన్ను తీసి, కాగితం అంచున, "పాయింట్లన్నీ ఉన్నాయి. సొంత వాక్యం ఒక్కటే ఉంది, తప్పంతా అందులోనే ఉంది" అని రాసి గుమాస్తా చేతిలో పెట్టింది.

నవ్వులు నవ్వులే గానీ, సంతకం పెట్టకపోతే ఉద్యోగం ఉండదని ఆవిడకి తెలుసు. సాయంత్రం ఇంట్లో చెప్పింది. భర్త తింటున్నవాడల్లా చెయ్యి ఆపేశాడు.

"పెట్టేస్తే పోలా? రాయొద్దనడం లేదుగా, చూపించమంటున్నాడు. చూస్తాడు, ఇచ్చేస్తాడు. నలుగురితో పాటు నారాయణా అనెయ్యక, మనకెందుకొచ్చిన గొడవే?"

"నలుగురితో పాటు నారాయణా అనే కదండీ, క్లాసు క్లాసంతా ఒకే అమ్మకి పుట్టింది!"

"నీకు వేళాకోళంగా ఉంది. ఈ వయసులో నీకు ఇంకో బడి ఎవరిస్తారే? నా ఒక్కడి జీతంతో ఇల్లు నడవాలంటే అమ్మ మందులు ఆపాలి. ఏదీ, చెప్పు చూద్దాం, ఏం చేద్దామో."

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. టీచరు దానికి కోపం తెచ్చుకోలేదు.

"నాకు భయం లేదని ఎవరన్నారండీ? ఆ క్లాసు గది లేకపోతే పొద్దున్నే లేచి నేనేం చెయ్యాలో నాకే తెలీదు. కానీ ఒక్కటి ఆలోచించండి. నేను రాస్తున్నంతసేపూ ఆయన మొహం నా పెన్ను ముందు నిలబడుతుంది. ఇది ఒప్పుకుంటాడా, ఇది కొట్టేస్తాడా అని. అలా అయితే నేను బడి గురించే కాదు, దర్జీ గురించి కూడా రాయలేను. సంతకం పెట్టిన రోజునే నా రాత అయిపోయినట్టు."

మంచం మీంచి అత్తగారు అందుకుంది. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు."

"విన్నావా, అమ్మ కూడా..." అన్నాడు భర్త.

"నన్ను పూర్తిగా చెప్పనియ్యరా. లెక్కపెట్టకూడదంటారు, నిజమే. కానీ వాసాలు పుచ్చిపోతే ఎవరో ఒకరు లెక్కపెట్టొద్దూ? నా మందుల సంగతి నా మీద పెట్టి దాన్ని బెదిరించకు."

భర్త చెయ్యి కడుక్కుని వచ్చి, కోడలూ అత్తా ఒకటైతే ఇంట్లో మగాడి బతుకు ఇంతేనని గొణుక్కున్నాడు.

వారమంతా నాన్చి, కరస్పాండెంటు శుక్రవారం మధ్యాహ్నం ఆవిణ్ణి తన గదికి పిలిపించాడు. ఈలోగా స్టాఫ్ రూములో ఆవిడ పక్క కుర్చీ ఖాళీగా ఉంటోంది. సోమవారం నవ్వినవాళ్ళే, మంగళవారం నుంచి ఆవిణ్ణి చూడగానే పేపర్లు దిద్దుకోవడంలో మునిగిపోతున్నారు. ఆవిడ వాళ్ళని తప్పుపట్టలేదు. వాళ్ళకీ ఇళ్ళున్నాయి.

ఆ గదిలో పెద్ద బల్ల, దాని మీద గాజు పలక, గాజు కింద టైంటేబుళ్ళు. బల్ల మీద కొత్తగా టైపు కొట్టిన కాగితం. ఈసారి అద్దమూ లేదు, నాన్నగారూ లేరు. ముందు చూపించి అనుమతి తీసుకుంటానన్న వాక్యం ఒక్కటే మిగిలింది.

"కూర్చోండి మేడమ్. గుమాస్తా చేసిన పనికి నేనే సిగ్గుపడుతున్నాను," అన్నాడు కరస్పాండెంటు. ఆవిడ కంటే పదేళ్ళు చిన్నవాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి. "మీ రాతలంటే మా ఇంటిల్లిపాదికీ ఇష్టం. ఆపమని నేను అనడం లేదు. ముందు ఒకసారి నాకు చూపించండి, అంతే."

"ఎందుకండీ?"

"ఎందుకేమిటి? బడి పరువు."

"నేను బడి పేరు రాయలేదే."

"ఊరికి తెలీదా, మీరు పనిచేసేది ఎక్కడో?"

"ఊరికి తెలిసింది నా వల్ల కాదు సార్. ప్రతి ఇంట్లోనూ ఆ మెటీరియల్ ఉంది."

ఆయనకి కోపం వచ్చింది. "ఏముంది ఆ వ్యాసంలో తప్పు? నా చిన్నప్పుడు నేను చదివిందీ ఇదే వ్యాసం. పోటీలో నాకు దీనికే ఫస్టు ప్రైజొచ్చింది. దీంతోనే పైకొచ్చాను. పిల్లల్ని సొంతంగా రాయమంటే ఏం రాస్తారు? పిచ్చిరాతలు రాస్తారు. మీకు నాలుగు ముక్కలు రాయడం వచ్చు గనక అందరికీ వచ్చనుకుంటున్నారు."

"అందరికీ వచ్చు. మీకూ వచ్చు."

"నాకెందుకు రాదు?"

"అయితే రాయండి." టీచరు బల్ల మీద కాగితాన్ని తిరగేసి, పెన్ను దాని మీద పెట్టి ఆయన వైపు తోసింది. "మా అమ్మ. మెటీరియల్ చూడకుండా, మీ సొంతం. ముందు మీరు రాసి నాకు చూపించండి. ఆ తర్వాత నేను రాసినవి మీకు చూపించే సంగతి మాట్లాడుకుందాం."

ఇంకొకడైతే బయటికి నడవమనేవాడు. ఈయన పరీక్షల్లో పుట్టి పరీక్షల్లో పెరిగిన మనిషి. పరీక్షకి రానని చెప్పడం ఆయనకి చేతకాదు. "దాందేముంది!" అంటూ పెన్ను అందుకుని, గుండ్రటి అక్షరాలతో చకచకా మొదలుపెట్టాడు. "మా అమ్మ తెల్లవారకముందే నిద్రలేచి" దాకా వచ్చి పెన్ను ఆగింది. రాసింది తనే ఒకసారి చదువుకున్నాడు. మళ్ళీ చదువుకున్నాడు. టీచరు తొందరపెట్టలేదు. పిల్లలు ఆలోచిస్తున్నప్పుడు మాట్లాడకూడదని ఆవిడకి తెలుసు.

"లేచేది కాదు," అన్నాడాయన. గొంతు మారిపోయింది. "మా అమ్మ లేచేది కాదండీ. లేవలేకపోయేది. నాకు ఊహ తెలిసినప్పట్నించీ మంచంలోనే. పొద్దున్నే నేనే లేపి, దిండు పెట్టి కూర్చోబెట్టి, జడ వేసి బడికి వెళ్ళేవాణ్ణి. నాకు జడ వెయ్యడం సరిగ్గా వచ్చేది కాదు. వంకరగా వచ్చేది. అయినా అద్దంలో చూసుకుని చాలా బావుందిరా అనేది."

టీచరు ఆ క్షణాన కోపం, కాగితం, ఉద్యోగం అన్నీ మర్చిపోయింది. "రాయండి సార్," అంది మెల్లిగా. "అదే రాయండి. ఆ ప్రైజు దానికి రావాల్సింది."

ఒక్క క్షణం రాసేలాగే కనిపించాడు. అంతలో తలెత్తి ఆవిణ్ణి చూశాడు. ఎదురుగా ఉన్నది ఎవరో గుర్తొచ్చింది. ఇవాళ శుక్రవారమని గుర్తొచ్చింది. మొహం మాడిపోయింది. కాగితాన్ని ఉండచుట్టి పిడికిట్లో పెట్టుకున్నాడు.

"ఇదా మీ ఎత్తు? నా నోటితో చెప్పించి ఎల్లుండి పేపరుకెక్కిద్దామనా? ఊరందరి ముందు నన్ను, మా అమ్మని... ఈ మాట గడప దాటిందంటే, ఇక్కడే కాదు, ఏ బళ్ళోనూ మీరు సుద్దముక్క ముట్టుకోలేరు. గుమాస్తా దగ్గర ఇంకో కాపీ ఉంది. సంతకం పెట్టి వెళ్ళండి. లేకపోతే రేపట్నించి రాకండి."

టీచరు లేచి నిలబడింది.

"సంతకం పెట్టను. రేపు వస్తాను. నాకు ఫస్టు పీరియడ్ ఉంది."

ఆ సాయంత్రం రాయడానికి కూర్చుంటే, రాయాల్సిందంతా ఆవిడ కళ్ళ ముందే ఉంది. ఒక్క మాట వెతుక్కోనక్కర్లేదు. "వంకర జడ" అని పేరు కూడా దానంతటదే వచ్చి కూర్చుంది. అది అచ్చయితే ఊరు ఊరంతా కన్నీళ్ళు పెట్టుకుంటుంది. మెటీరియల్ పరువు మట్టికొట్టుకుపోతుంది. ఆయన మళ్ళీ ఆవిడ ముందు తలెత్తలేడు. ఇన్నేళ్ళ రాతలో ఇంత మంచిది ఇంకోటి రాదు కూడా. ఆవిడకి ఆశ పుట్టలేదంటే అది అబద్ధం. పెన్ను మూత తీసి చాలాసేపు కూర్చుంది. కిటికీ పక్క పిల్ల మాటల్ని పేపరుకెక్కించని మనిషి, కరస్పాండెంటు మాటల్ని మాత్రం ఎలా ఎక్కిస్తుంది? పిల్ల మీద జాలి, ఆయన మీద కసి, అంతేగా తేడా? ఛీ, అనుకుంది. ఒక ఇంట్లో నలుగురు మనుషులూ ఒకే గొడుగూ ఉంటే, వాన రోజున ఎవరు తడవాలో ఆ ఇంట్లో ఎలా తేలుతుందో రాయడం మొదలుపెట్టింది.

అత్తగారు అంతా విని పెదవి విరిచింది.

"వారం రోజుల్నించి ఇంట్లో నిప్పులు కురిపించి, చివరికి గొడుగటే?"

"నాకు గొడుగు గురించి రాయాలనిపించిందత్తయ్యా."

"బళ్ళో ఏదో జరిగింది. నా దగ్గర దాస్తున్నావు."

"జరిగింది. చెప్పను," అంది టీచరు. అత్తగారు ఆవిడ వైపు అదోలా చూసి, ఇంక అడగలేదు. చీకటి పడకముందే భర్త కాగితాలు పత్రికవాళ్ళకి అందించి వచ్చాడు.

శనివారం పొద్దున ఆవిడ గేటు దాటేసరికి కరస్పాండెంటు తొమ్మిదో తరగతి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అడ్డంగా నిలబడ్డాడు. పిల్లలు లోపల కూర్చుని వింతగా చూస్తున్నారు. ఆయన చొక్కా ఇస్త్రీ నిన్నటిదే. రాత్రి నిద్రపోయినట్టు లేడు. ఆవిడ దగ్గరికి రాగానే గొంతు తగ్గించాడు.

"రాశారా?"

"రాశాను. పంపేశాను."

"మేడమ్, సంతకం వద్దు. ఆ కాగితాలు రెండూ చింపేశాను. మీ ఉద్యోగం మీదే, మిమ్మల్ని ఎవరూ కదల్చరు. నాకు ఒక్క మాట చెప్పండి చాలు. మా అమ్మ సంగతి అందులో లేదు కదా?"

లేదు. చెప్పాల్సింది ఆ ఒక్క మాటే. అది నిజం కూడా. ఆ మాట అనేస్తే ఇంట్లో భర్త కడుపు నిండా అన్నం తింటాడు, అత్తయ్య మందులు ఆగవు, ఈ క్లాసు గది పోదు. ఎదురుగా నిలబడ్డ ఈ మనిషి కూడా గుండెల మీద చెయ్యేసుకుని ఇంటికెళ్తాడు. ఆయన్ని చూస్తే ఆవిడకి నిజంగానే జాలేసింది. మాట నాలిక చివరిదాకా వచ్చింది.

వచ్చి ఆగింది. నిన్న కాగితం మీద అడిగిందీ, ఇవాళ నోటితో అడుగుతున్నదీ ఒకటే కదా! అచ్చవకముందు అందులో ఏముందో ఈయనకి తెలియాలి. ఇవాళ లేదని చెబితే వచ్చే శనివారం మళ్ళీ ఇక్కడే నిలబడతాడు. ప్రతి శుక్రవారం తను రాసేటప్పుడు, శనివారం ఈ గుమ్మంలో ఏం జవాబు చెప్పాలా అన్న ఆలోచనే ఉంటుంది. సంతకం అక్కర్లేకుండానే సంతకం పెట్టినట్టు.

"సార్, మీ మీద నాకు కోపం లేదు," అంది. "కానీ నేనేం రాశానో మీకు చెప్పను. ఏం రాయలేదో కూడా చెప్పను. రేపు పేపర్లో చూడండి, అందరితో పాటు."

"అంత మొండితనం ఏమిటండీ? ఒక్క మాట! అవుననో కాదనో..."

"నేనెలాంటి మనిషినో ఇన్నేళ్ళుగా ప్రతి ఆదివారం రాస్తూనే ఉన్నాను. అది చదివాక కూడా మీకు అనుమానం ఉంటే, నా ఒక్క మాటతో తీరదు. నన్ను తీసెయ్యడం మీ చేతిలో పని, తీసేస్తే తీసెయ్యండి. రాయడం నా చేతిలో పని."

గంట కొట్టారు. ఆయన గుమ్మంలోంచి కదల్లేదు. ఆవిడ ఆయనకీ తలుపుకీ మధ్య ఉన్న కాస్త చోటులోంచి దూరి లోపలికి వెళ్ళింది. పిల్లలందరూ లేచి నిలబడ్డారు. బోర్డు దగ్గరికి వెళ్ళి సుద్దముక్క తీసుకుంది. తర్వాత పిల్లల వైపు తిరిగి, గుమ్మంలో ఉన్నాయనకి కూడా వినబడేలా చెప్పింది.

"మెటీరియల్ మూసెయ్యండి."